సూరయ్య పథ్యం

ఆ ఉదయం కూడా గున్నమ్మ మొగుడి గిన్నెలో ఉప్పులేని జావే పోసింది. పక్క టార్పాలిన్ గుడిసెల్లో ఎవరో ఎండు నెత్తళ్ల పులుసు పెట్టినట్టున్నారు, వాసన ఘుమఘుమలాడిపోతోంది. సూరయ్య అటు చూడనైనా చూడకుండా బుద్ధిగా తాగేశాడు.

సూరయ్యకి కామెర్లన్నది గున్నమ్మ పుట్టించిన జబ్బు. తిత్లీ తుఫాను ఇంటినీ పడవనీ ఎత్తుకుపోయింది. పొట్టకూటికి గుజరాత్ బోట్ల మీద కూలికెళ్లిన కొడుకు వెంకీ, సరిహద్దు దాటాడంటూ పరాయి దేశం జైల్లో పడ్డాడు. పంపింది తనేనని సూరయ్యకి అప్పట్నుంచీ నిద్ర లేదు. గాలికి టార్పాలిన్ కొట్టుకుంటే చాలు, చెవులు మూసుకుని మూలకి ముడుచుకుపోతాడు. "అన్నకేటయినాది వొదినా?" అని పక్క గుడిసె దేముడమ్మ అడిగినప్పుడు, పిచ్చి అంటుందేమోనని గున్నమ్మ నోటికొచ్చిన జబ్బు చెప్పేసింది.

దేముడమ్మ ఊరుకునే మనిషా! నడుంనొప్పంటూ మూలపడున్న సొంత మొగుణ్ని వదిలేసి మరీ వచ్చి ఆకు పసరు నూరి పోసింది. ఉప్పు, నూనె, చేప ముట్టకూడదంది. పైగా రోజూ సూరయ్య కళ్లు విప్పి చూసి, పచ్చదనం తగ్గుతోందని తన మందుకి తనే మురిసిపోయేది. చేపలవాళ్ల ఇంట్లో చేప లేని కంచం! అయినా ఆడిన అబద్ధాన్ని వెనక్కి తీసుకునే దారి గున్నమ్మకి తోచలేదు.

"అమ్మా, ఇస్కూలు కాడికి మనసు డాక్టరొచ్చినాడు. నానని తీసుకెల్దాం," అంది కూతురు అనూరాధ.

"పిచ్చి డాక్టరు కాడికా? నలుగురూ సూస్తే రేపు నిన్ను పిచ్చోడి కూతురంటారే!"

"అననీ. లేని కామెర్లకి కడుపు మాడ్సేస్తన్నావు. మనిషి సగమైపోనాడు, నీకు కనపడతన్నాదా?"

"నోరుముయ్యే! ఆయనకి ఇనబడతాది."

"ఇనబడనీ! నీకేటి, పరువుంటే సాలు!"

గున్నమ్మ చెయ్యెత్తింది.

"పిల్లనేటనకే," అన్నాడు సూరయ్య లోపల్నుంచి. మెల్లగా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. "నాకు కామెర్లు కావని నాకు తెల్దేటి? కామెర్లంటే నీకు తలొంపులుండవని ఈ సప్పిడి కూడు తింటన్నాను. కొడుకుని ఎలాగూ సముద్రానికి పంపేసినోడ్ని. నిన్ను కూడా తలొంచుకునేలా సెయ్యమంటావా?"

గున్నమ్మ ఉన్నచోటే కూలబడింది. సిగ్గుతో మొహం చూపించలేకపోయింది. జబ్బులో ఉన్న మనిషి తన పరువు కాస్తుంటే, తనేమో అతని జబ్బుని దాచిపెట్టి ఆకలితో మాడ్చింది. ఛీ, ఏం బతుకు తనది! కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"లే మావా. ఎల్దాం."

స్కూలు దగ్గర వరసలో నిలబడ్డారో లేదో, బోరింగు దగ్గర నీళ్లు పడుతున్న దేముడమ్మ చూడనే చూసింది.

"కామెర్లకి ఈ డాక్టరేటి వొదినా?"

నీళ్లకొచ్చిన ఆడవాళ్లంతా ఇటు తిరిగారు. ఒక్క క్షణం గున్నమ్మకి మళ్లీ ఇంకో జబ్బు పేరు నాలిక మీదకి వచ్చింది కూడా. పక్కన సూరయ్య తల దించుకుని ఉన్నాడు.

"కామెర్లు కావు. నాను అబద్దమాడినాను. కొడుకు మీద బెంగెట్టుకున్నాడు, గాలంటే బయపడతన్నాడు, నిద్దర పోడు. నీ పసరు ఊరికే తాగించాను. తిట్టుకో దేముడమ్మా."

దేముడమ్మ తిట్టలేదు. బిందె కింద పెట్టి దగ్గరకొచ్చింది. "ఈ డాక్టరు ఎంతసేపుంటాడొదినా?" అంది గొంతు తగ్గించి. "మా ఇంటాయనదీ నడుంనొప్పి కాదు."

గున్నమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "ఎల్లి తీసుకురా. నా ఎనకాల సోటుంచుతాను."

మధ్యాహ్నం సూరయ్య కంచంలో అన్నం, నెత్తళ్ల పులుసు పడ్డాయి. డాక్టరిచ్చిన మాత్రలు పక్కనే ఉన్నాయి. వెంకీ కబురు మాత్రం ఇంకా ఏమీ లేదు. సూరయ్య ఒక ముద్ద నోట్లో పెట్టుకుని ఆగాడు.

"ఉప్పెక్కువైపోనాదే," అన్నాడు.

తుఫాను తర్వాత అతను ఏదైనా బాగాలేదని అనడం అదే మొదటిసారి. గున్నమ్మ నవ్వబోయి ఏడ్చేసింది.