చిడతలు పోయిన రికార్డు

విశ్వకర్మ పూజ దగ్గరపడిందంటే టాటానగర్ పక్కనున్న ఆదిత్యపూర్‌లో ఇనుముకి కూడా పండగ కళ వస్తుంది. లేతు మిషన్ల మీద దుమ్ము దులుపుతారు. ఆటోలకు పూలదండలు కడతారు. ఏడాదంతా బురదలో తిరిగిన స్కూటర్లకు ఆ రెండు రోజులూ తలంటు భోగం. ఆ ఉదయం త్రివేణి కూడా వంటింటి గట్టు మీద మిక్సీని తుడుస్తూ, కుంకుమ భరిణె ఎక్కడ పెట్టానా అని వెతుక్కుంటోంది.

ముందుగదిలో ఆమె మామగారు సూర్యం రికార్డు ప్లేయరు ముందు కూర్చున్నాడు. గమ్హరియాలో ఒక ఫోర్జింగ్ కార్ఖానాలో, ఎర్రగా కాలిన ఇనుమును సాగగొట్టే పెద్ద సుత్తి మిషన్ల దగ్గర జీవితమంతా పనిచేశాడు. కిందటేడు రిటైరయ్యాడు. కొత్తగా పనిలో చేరిన రోజుల్లో కలకత్తా వెళ్లి ఆ ప్లేయరూ, దాంతో ఒక హరికథ రికార్డూ కొనుక్కొచ్చాడు. పెళ్లి, పిల్లాడు, షిఫ్టులు మొదలయ్యాక అది బీరువా మీద గుడ్డ కప్పుకుని నిద్రపోయింది. "రిటైరయ్యాక తీరుబడిగా ఇంటాను" అని ఆయన అన్నప్పుడల్లా ఇంట్లోవాళ్లు నవ్వేవారు. ఆయన నవ్వేవాడు కాదు. ఆయనకున్న కల అదొక్కటే.

తీరా రిటైరై దాన్ని కిందికి దింపిన వారానికే విశ్వకర్మ పూజ వచ్చింది. అప్పుడే కాపురానికొచ్చిన త్రివేణి, ఇంట్లో మిషన్లన్నిటితో పాటు దాన్నీ తుడిచి, గంధం బొట్టు పెట్టి మందారం ఉంచింది. ఆ సాయంత్రం త్రివేణి బజారుకెళ్లిన వేళ, ఆయన ఎన్నో ఏళ్ల తర్వాత రికార్డు వేసుకున్నాడు. విన్నాడు. ముఖం వాడిపోయింది. పాటలో పదును లేదు. అంతే, తప్పు కోడలి నెత్తిన పడింది. సాక్చి బజారులో ఫోన్ కవర్లు అమ్మే కుర్రాడి దగ్గర సూది మార్పించినా, వైర్లు మార్పించినా పోయిన పదును తిరిగి రాలేదు. కోడలి మీద కోపమూ పోలేదు.

"జోగీ! ఆ పిల్లకి సెప్పు. ఈయేడు నా మిషన్ జోలికి రావద్దని. అసలు ఏ మిషన్‌కీ బొట్టెట్టొద్దని సెప్పు" అన్నాడు ముందుగదిలోంచి.

"ఇంటికోడలు బొట్టెట్టకపోతే పక్కింటోల్లొచ్చి పెడతారేటి?" అంది భార్య జోగమ్మ. జోగమ్మ గొంతు సంగతి వీధి వీధికీ తెలుసు. పెళ్లయిన దగ్గర్నుంచి సుత్తి మోతల్లోంచి వచ్చే మొగుడితో కాపురం చేసీ చేసీ ఆమె మాట అలా తయారైంది. పక్కింటి బిహారీ ఇల్లాలు వేరే అలారం పెట్టుకోదు, జోగమ్మ పిలుపుతోనే తన పిల్లల్ని లేపుకుంటుంది.

త్రివేణి వంటింట్లోంచి మెల్లిగా అంది. "పొడిగుడ్డతోనే తుడిసేను మావయ్యా. సూది మీద చెయ్యే పెట్టలేదు."

ఆమె గొంతు సన్నం, పుట్టుకతోనే అంత. సూర్యం ఎప్పటిలాగే అటు తిరగలేదు. "సూసినావా? ఇన్ని అంటన్నా ఒక్క మాట పలకదు. ఎంత పొగరో" అన్నాడు భార్యతో.

త్రివేణి చేతిలో తడిగుడ్డ కింద పడింది. ఏడాదిగా మింగుతున్నదంతా ఒక్కసారి గొంతులోకొచ్చింది. గుమ్మంలోకొచ్చి అరిచేసింది.

"పలకతన్నాను మావయ్యా! యేడాదిగా పలకతానే ఉన్నాను! మీరే నన్ను మనిషిలా చూడట్లేదు!"

సూర్యం ఉలిక్కిపడ్డాడు. "ఏటేటి? ఇంత గొంతుందేటి నీకు?"

అప్పుడే నైట్ షిఫ్ట్ నుంచి వచ్చిన కొడుకు దుర్గాప్రసాద్ గుమ్మంలోనే చెప్పులు విప్పుతూ, "ఛోడో, వదిలెయ్ నాన్నా, పొద్దున్నే ఇదేటి? బ్లూటూత్ స్పీకర్ ఒకటి కొనేత్తాను, ఆ డబ్బాని పాతసామాన్ల కబాడీవాడికిచ్చెయ్" అన్నాడు.

"కొత్తది వద్దు" అంది త్రివేణి కళ్లు తుడుచుకుంటూ. "రేపు కలకత్తా ఎల్దాం మావయ్యా. అక్కడ ఈ మిషన్ల పనే చేసేవాళ్లు ఉంటారు. వాళ్లు చూసి నా వల్లే పాడైందంటే, జన్మలో దాని దరికి రాను. నా తప్పు లేదంటే మాత్రం ఆ మాట ఇదే గదిలో, అందరి ముందూ మీ నోటితో మీరనాలి."

సూర్యం ప్లేయరు మీద చెయ్యి వేశాడు. కలకత్తా అన్న మాట ఆయన చెవిలో పడి ఎక్కడో లోపల తిరుగుతోంది. "పాత దుప్పటి తియ్యి జోగీ, దీన్ని సుట్టాలి" అన్నాడు.

మర్నాడు తెల్లవారుజామునే టాటానగర్‌లో రైలెక్కారు, మామా కోడలూ. ప్లేయరు చంటిపిల్లలా ఆయన ఒళ్లో ఉంది. రికార్డు సంచి త్రివేణి భుజాన ఉంది. రైలు పట్టాల పొడవునా రెల్లు పూసింది. తెల్లటి పూలు ఊగుతుంటే బండి నేల మీద వెళ్తోందో, మేఘం మీద వెళ్తోందో తెలియకుండా ఉంది. ఎడమొహం పెడమొహంగా ఇంట్లో ఉండడం కన్నా, ఒకే కిటికీలోంచి ఒకే రెల్లుని చూస్తూ ఊరుకోవడం ఎంతో నయం.

హౌరాలో దిగి వంతెన దాటి ధర్మతలా బజారు చేరేసరికి సన్నగా తుంపర మొదలైంది. త్రివేణి ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్ల, బెంగాలీ ధారగా మాట్లాడుతుంది. ఆమే దారి అడుగుతూ ముందు నడిచింది. సూర్యం తన పాతికేళ్ల వయసు వెనకాల నడిచాడు. తాను ప్లేయరు కొన్న షాపు ఉండాల్సిన చోట ఇప్పుడు చెప్పులు అమ్ముతున్నారు. "ఇక్కడే అద్దాల గది ఉండేది. పాట ఇన్నాకే కొనుక్కోమనేవోడు" అన్నాడు, ఆ చెప్పుల వరసల్లో ఎక్కడో ఆ గది ఇంకా దాక్కుని ఉందేమో అన్నట్టు తొంగి చూస్తూ.

ఫుట్‌పాత్ మీద పాత రికార్డులు పరిచి, పైన ప్లాస్టిక్ పట్టా కప్పుకున్న ముసలాయన ఒకరు, "రికార్డులైతే నా దగ్గర, మిషనైతే నా వల్ల కాదు" అని ఇంకో సందుకి పంపాడు. ఆ సందులో రేడియోలు బాగుచేసే మనిషి మరో సందుకి పంపాడు. ట్రాము గంట ఎక్కడో మోగుతోంది. గోడవారగా ఇంకా రంగు వెయ్యని దుర్గమ్మ బొమ్మలు గడ్డి చేతులు చాచి నిలబడ్డాయి. పాటను వెతుక్కుంటూ నడిస్తే ఏ ఊరైనా కలలోని ఊరే అవుతుంది. అడిగిన ప్రతివాళ్లూ వేలు చూపిస్తారు, ఏ వేలి చివరా షాపు ఉండదు.

అప్పుడు ఒక పాత మేడ పైఅంతస్తులోంచి వీణ మోత వినిపించి త్రివేణి ఆగింది. "అదిగో మావయ్యా, పైన!" అంది. ఆయన తల ఎత్తి చూశాడు గానీ, ఆమె మెట్లెక్కాకే వెనక కదిలాడు.

అది రికార్డులూ, ఖరీదైన ప్లేయర్లూ మాత్రమే అమ్మే షాపు. లోపల గదిలో దళసరి తెరలు, నేలంతా తివాచీ, మనిషెత్తు స్పీకర్లు. వీధి రొద గుమ్మం బయటే చెప్పులు విడిచినట్టు ఆగిపోయింది. షాపు నడిపే తనుశ్రీ అనే ఆవిడ ప్లేయరును విప్పి, సూది చూసి, చక్రం తిప్పి చూసి, హిందీలో గట్టిగానే చెప్పింది. "మిషన్ బంగారంలా ఉంది. దీనికేమీ కాలేదు."

"అయితే రికార్డెయ్యండి" అన్నాడు సూర్యం హిందీలోనే, నమ్మకుండా.

రికార్డు తిరిగింది. శ్రీకాకుళం వైపు దాసుగారెవరో రుక్మిణి కథ ఎత్తుకున్నారు. కృష్ణుడి రథం బయలుదేరింది. త్రివేణి ఆ రికార్డు వినడం అదే మొదటిసారి. ఏడాదిగా ఆ పాట వేసినప్పుడల్లా ఆమె మొహం మీద తలుపు పడేది, ఆమె పెరట్లోకి వెళ్లిపోయేది. మృదంగం గుర్రాల డెక్కల్లా పరుగెడుతోంటే, దాని మీద దాసుగారి చేతిలో చిడతలు గలగలమని, గదిలో ఈ గోడ నుంచి ఆ గోడకి మెరుస్తూ తిరుగుతున్నాయి. ఆమెకి తెలియకుండానే వేళ్లు మోకాలి మీద వాటిని పట్టుకోసాగాయి.

సూర్యం కళ్లు మూసుకుని ఎదురుచూస్తున్నాడు. ఎంతసేపటికీ అది రాలేదు కాబోలు, కళ్లు తెరిచాడు.

"ఇక్కడా నేవు" అన్నాడు నీరసంగా, చిడతలు ఆడించినట్టు వేళ్లు కదుపుతూ. "సిడతలమ్మా. రథం కదిలినకాడ సిడతలుండేయి. ఒల్లు జల్లుమనేది. దాసుగారి గొంతుంది, మద్దెలుంది. సిడతలే నేవు."

త్రివేణి చప్పున ఆయన వైపు తిరిగింది. చిడతలు ఆ క్షణాన కూడా గది నిండా మోగుతున్నాయి.

ఒక్కొక్కటీ ఆమెకి అర్థమవుతూ వచ్చింది. మేడ మీది వీణ ఆయనకి వినబడలేదు. వంటింట్లోంచి తాను ఇచ్చిన జవాబు ఒక్కటీ వినబడలేదు. అత్త అరుపు, కొడుకు బొంగురు గొంతు వినబడతాయి కాబట్టి లోపం సంగతి ఎవరికీ తట్టలేదు, ఆయనకీ తట్టలేదు. సుత్తులు ఇనుముని సాగగొడుతూ ఆయన చెవిలోని సన్నటి మోతలన్నీ అణగగొట్టేశాయి.

ఒక్క మాట చాలు, ఏడాది నింద చెరిగిపోతుంది. తనుశ్రీ కూడా ఆయన వేళ్ల సైగకే సంగతి గ్రహించి, ఆశ్చర్యంగా చూస్తూ నోరు తెరవబోయింది. త్రివేణి ఆయన ముఖం చూసింది. జీవితమంతా దాచుకున్న కల అది. 'లేనిది పాటలో కాదు, నీలో' అని ఎలా అనడం? తనుశ్రీతో బెంగాలీలో, "దీదీ, ఏమీ అనకండి" అంది. తర్వాత ఆయన దగ్గరికి వంగి గట్టిగా చెప్పింది.

"రికార్డు అరిగినట్టుంది మావయ్యా. ఆ రోజు నేనే గట్టిగా తుడిసేనేమో. తప్పు నాదే."

సూర్యం ఆమె ముఖం చూడటం లేదు. మోకాలి మీద ఇంకా ఆగని ఆమె వేళ్లనే చూస్తున్నాడు.

సాయంత్రం తిరుగు రైలెక్కారు. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం వచ్చినప్పుడు ఆయన దిగి, ఆకు దొన్నెలో వేడి పకోడీ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. "మీ ఊరిది. తిను" అన్నాడు. బండి కదిలాక అడిగాడు.

"ఆ రికార్డు నువ్వెప్పుడైనా ఇన్నావా ఇంతకుముందు?"

ఆమె లేదని తలూపింది.

"మరి సిడతలు ఎక్కడ పడతాయో నీ ఏలికి ఎలాగెరిక?"

త్రివేణి దొన్నె సీటు మీద పెట్టి, వేళ్లు కొంగులో దాచుకుంది.

"సుత్తి కింద ఇనుము తిప్పినోన్నమ్మా. దెబ్బ ఎక్కడ పడాలో ఎరుగుదును. నీ ఏలు ఒక్కటి కూడా తప్పనేదు." ఆయన ముందుకి వంగాడు. "అయ్యి మోగినాయి కదా?"

ఆమె తల వంచుకుని ఏడ్చేసింది. అదే జవాబు. సూర్యం కిటికీ వైపు తిరిగాడు. చీకట్లో రెల్లు తెల్లగా పరుగెడుతోంది. ఆయన భుజాలు కదులుతున్నాయి.

పూజనాడు పొద్దున్నే ఆయన స్నానం చేసి, ప్లేయరును ముందుగదిలో పీట మీద పెట్టి అందర్నీ పిలిచాడు. పెళ్లాన్నీ కొడుకునీ చూస్తూ, అప్పగించిన పని ఒప్పజెప్పినట్టు నిలబడి చెప్పాడు.

"మిషన్ పాడవనేదు. రికార్డూ పాడవనేదు. పాడైంది నా సెవి. ఈ పిల్ల తప్పు ఏటీ నేదు. యేడాదంతా ఇది పలకతానే ఉంది, నాకే ఇనబడనేదు. అక్కడ నిజం తెల్సినా, నా మనసు కట్టపడతాదని తప్పు తనమీదేసుకుంది."

జోగమ్మ నోరు వెళ్లబెట్టింది. "నీకు సెవుడేటి? నేను పిలిత్తే పలకతావు కదా!"

"నువ్వు పిలిత్తే టాటానగర్ టేసన్లో ఇంజనే పలకతాది."

ప్రసాద్‌కి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. "డాక్టర్ దగ్గరికెళ్దాం నాన్నా. చెవికి మిషన్ పెడతారు."

"ఎట్టించుకుంటాను. వచ్చే యేడు దానికీ బొట్టెట్టాల" అన్నాడు సూర్యం. కుంకుమ భరిణె తానే తీసి కోడలి చేతికిచ్చాడు. "ముందు దీనికెట్టమ్మా."

త్రివేణి ప్లేయరు చెక్క మీద గంధం అలది, కుంకుమ అద్ది, మందారం ఉంచింది. తర్వాత ఆయన వైపు తిరిగి ఏదో అడిగింది. అలవాటు ప్రకారం మెల్లిగానే అడిగింది.

ఎప్పటిలా అయితే ఆయన ముఖం తిప్పుకునేవాడు. ఈసారి ఆమె దగ్గరికి జరిగి, చెవి దగ్గర అరచెయ్యి పెట్టుకున్నాడు.

"ఇనబడనేదమ్మా. మల్లీ సెప్పు."

ఆ మాట కోసమే ఏడాదంతా ఎదురుచూసినట్టు ఆమె కళ్లు నిండాయి. "సూది నేను దించనా మావయ్యా?" అంది, కాస్త గట్టిగా.

ఆయన పక్కకి జరిగి చోటిచ్చాడు. ఆమె సూది దించింది. రథం కదిలింది. ఆయన అరచేతిని తన చేతిలోకి తీసుకుని, రికార్డులో చిడతలు మోగినచోటల్లా త్రివేణి వేళ్లతో దాని మీద తట్టింది. సుత్తి కింద పట్టుకారు పట్టి కాయలు కాచిన చెయ్యి అది.

"ఇయ్యే" అన్నాడు సూర్యం కళ్లు మూసుకుని. "ఇయ్యేనమ్మా." రికార్డు అయిపోయేదాకా ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.