కళ్లు నవ్వని చలికాలం

యెర్నెయ్ నన్ను చూసిన మొదటి రోజే నాది దొంగనవ్వని తేల్చేశాడు.

ల్యుబ్ల్యానాలో మా ఆసుపత్రి నేలమాళిగలో అప్పట్లో ముఖనరాల ల్యాబ్ ఉండేది. ఇప్పుడా భవనమే లేదు, అక్కడ కార్లు ఆపుకుంటున్నారు. నేను కొత్తగా చేరిన ఫిజియోథెరపిస్టుని. ప్రొఫెసర్ కోబల్ గారు ఏదో పాత జోకు వేస్తే మర్యాదకి నవ్వాను. పక్కన నిలబడి జున్ను కూరిన బూరెక్ తింటున్న పొడుగాటి డాక్టరు నా వైపు వంగి చూసి, "నోరు నవ్వింది, కళ్లు నవ్వలేదు. మీకు జోకు నచ్చలేదు," అన్నాడు, ప్రొఫెసర్ గారి ఎదుటే.

నాకు ఒళ్లు మండిపోయింది. ముందు గడ్డానికంటిన జున్ను తుడుచుకోండి, నా ముఖం తర్వాత చదువుదురుగాని అన్నాను. ప్రొఫెసర్ గారు మాత్రం ఈసారి పగలబడి నవ్వారు.

యెర్నెయ్ పనే అది. ముఖనరం తెగిపోయినవాళ్లకి మా సర్జన్లు కాలి నుంచి నరం తీసి ముఖంలో అతికేవారు. అది మెల్లగా పెరిగి, పోయిన నవ్వు తిరిగొచ్చేసరికి ఏడాది పైనే పట్టేది. వచ్చిన నవ్వు ఎంత వచ్చిందో కొలవాలి కదా. మనసారా నవ్వితే కళ్ల చివర ముడతలు పడతాయి, మొహమాటానికి నవ్వితే పడవు. ఆ ముడతల్ని కొలిచే పద్ధతి కనిపెట్టడమే అతని పరిశోధన. చూసీ చూసీ ఎంత పిచ్చి పట్టిందంటే, కాఫీ తెచ్చే అమ్మాయి నవ్వుని కూడా వదిలేవాడు కాదు.

ఆ వసంతమంతా పోట్లాడుకుంటూనే గడిపాం. మధ్యాహ్నాలు నది ఒడ్డున నడిచేవాళ్లం. వాన పడితే ఒక్కటే గొడుగు, అదీ నాదే. అతనేదో తిక్కమాట అనేవాడు, నేను నవ్వేదాన్ని, అతను గొడుగు కిందే వంగి నా కళ్లు చూసి, "ఇది అసలుది," అని తీర్పు చెప్పేవాడు. మీరు పోయి నువ్వు ఎప్పుడు వచ్చిందో ఇద్దరికీ తెలియదు. అలా వంగి చూస్తాడని తెలిసి, నవ్వు రాని మాటలకి కూడా నాకు నవ్వొచ్చేసేది. ఇప్పటికీ వానలో తడిసిన ఉన్నికోటు వాసన తగిలితే చాలు, ఆ రోజులు వచ్చి పక్కన నిలబడతాయి.

సెప్టెంబరులో అతని పద్ధతికి అసలు పరీక్ష పెట్టారు. ఏ జబ్బూ లేనివాళ్లని పిలిచి, కొందరికి కళ్ల చుట్టూ బొటాక్స్, కొందరికి ఉత్త ఉప్పునీళ్లు ఎక్కించారు. మందు పడితే అక్కడి కండరం మూడు నాలుగు నెలలు కదలదు, ముడత పడదు. ముఖాలకి మెరిసే చుక్కలు అంటించి చీకట్లో ఫిల్ము తీస్తారు. యెర్నెయ్ చూసేది ఆ చుక్కల్నే. ఎవరికి మందు పడిందో మాత్రమే కాదు, అసలు ఎవరెవరు వచ్చారో కూడా కొలిచేవాడికి తెలియకూడదు. తెలిస్తే కొలతలన్నీ చెత్తబుట్టకే. చివరి నిమిషంలో ఒక మనిషి తక్కువయ్యారు. అతని పని ఆగిపోకూడదని నేనే వెళ్లి కూర్చున్నాను. అదీ నా తెలివి.

నాకేం పడిందో వారం తిరక్కుండానే అద్దం చెప్పేసింది.

యెర్నెయ్ మొదట జోకులు పెంచాడు. తర్వాత తగ్గించాడు. ఓ రోజు గొడుగు కింద కడుపు నొప్పెట్టేలా నవ్వాను. అతను వంగి చూసి, మెల్లగా నిటారుగా నిలబడి, రేపు మంచు పడేలా ఉందన్నాడు. ఆ మర్నాటి నుంచి నన్ను మళ్లీ మీరు అనడం మొదలుపెట్టాడు. ఆ మీరు నా ప్రాణం తీసింది.

ప్రొఫెసర్ గారి దగ్గరికి పోయి నన్ను తీసేయమని బతిమాలాను. మధ్యలో ఎవర్ని తీసినా పరీక్ష పోయినట్టేనని, ఈ కొలతల కోసం రోగులు ఎదురుచూస్తున్నారని, డిసెంబరులో వివరాలు బయటపెట్టాక ఏం కావాలంటే అది చెప్పుకోమని అన్నారు. డిసెంబరుదాకా అతనుంటేగా. అతనికి సరిహద్దు అవతల ఆస్ట్రియాలోని గ్రాజ్‌లో ఉద్యోగం వచ్చింది, శుక్రవారం సాయంత్రంలోగా అవునో కాదో చెప్పాలి. ఆ మాట నాతో చెబుతూ నా ముఖంలోకి చూశాడు. బాగుండాలని నవ్వాను. నవ్వకపోతేనే బాగుండేది.

శుక్రవారం నది మీద పొగమంచు. వంతెన దగ్గర అతన్ని ఆపాను.

"వెళ్లకు యెర్నెయ్. నువ్వంటే నాకిష్టం."

నా కళ్లలోకి చూశాడు. పాడు అలవాటు.

"జాలిపడి అనకండి జార్యా. రోజూ చూసే పనే కదా, నాకు తెలుస్తుంది. రెండు నెలలుగా మీరు నన్ను చూసి ఒక్కసారి కూడా నిజంగా నవ్వలేదు."

నాకు మందు పడిందని ఒక్క మాట చెబితే చాలు. నాలుక చివరిదాకా వచ్చింది. చెబితే అతని రెండేళ్ల కష్టం అక్కడే నదిపాలు. మింగేశాను. ఏడుపూ కోపమూ కలిసి పొంగుకొచ్చాయి.

మా దగ్గరికి వచ్చే రోగుల్లో పవ్షిచ్ గారని ఒకావిడ ఉండేది. కణితి తీసినప్పుడు నరం పోయి, ముఖంలో ఒక పక్క కదిలేది కాదు. ఆవిడ వచ్చినప్పుడల్లా భర్త బయట బల్ల మీద ఆవిడ కోటు ఒళ్లో పెట్టుకుని కూర్చునేవాడు.

"అయితే వెళ్లి పవ్షిచ్ గారి మొగుడికి చెప్పు," అన్నాను. "నీ పెళ్లానికి నువ్వంటే ఇష్టం లేదయ్యా, కంటి దగ్గర ముడత పడట్లేదు, నేను కొలిచి చూశానని చెప్పు. ఆయన నమ్ముతాడేమో చూద్దాం."

అంత మాటకారీ చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి నేనేం చూసి నమ్మాలి?"

"ఏం చూడకు. నేను చెప్తున్నా కదా."

మందు సంగతి డిసెంబరులో తెలిసి తల పట్టుకున్నాడు, అది వేరే విషయం. అప్పటికే మా అమ్మ చేతి అక్రోట్ల రొట్టె పోతిత్సా రెండుసార్లు తిని, ఆవిణ్ణి నా మీదకే ఎగదోసేంత బుట్టలో వేసేసుకున్నాడు. కానీ ఆ శుక్రవారం అతనికేమీ తెలియదు. ఏమీ తెలియకుండానే కళ్లు మూసుకున్నాడు.

"ఇంకోసారి చెప్పు," అన్నాడు.

వంతెన మీద పోయేవాళ్లకి వినపడేలా చెప్పాను. అతను కళ్లు తెరవకుండానే నా చెయ్యి వెతికి పట్టుకుని, గ్రాజ్ వెళ్లనన్నాడు.