ఒకే శాఖకు ఇద్దరు మంత్రులు

డిటెక్టివ్ ఆఫీసు మెట్లెక్కేవాళ్ళలో సగం మంది గుమ్మం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతారని అక్కడ సహాయకురాలిగా ఉన్న టీచరమ్మకు అనుభవం. ఆ ఉదయం ఎనిమిదింటికి వచ్చినావిడ మాత్రం తిరగలేదు. నేరుగా లోపలికొచ్చి, బల్ల మీద దినపత్రిక పరిచి, కుర్చీలో కూలబడింది. యాభై దాటిన మనిషి. కుడిచేతి మధ్యవేలి మీద పెన్సిలు ఒరుసుకుని కాయ కాచింది. ఇరవై ఏళ్ళు టైపూ షార్ట్‌హ్యాండూ నేర్పిన టీచరమ్మకు ఆ కాయ చూస్తే సగం సంగతి తెలిసిపోయింది.

"స్టెనోగా చేస్తున్నారా?" అంది.

"నిన్నటిదాకా స్టెనోనే. ఇవాళ పొద్దుట్నుంచి దొంగని" అంది ఆవిడ.

ఎన్నికలై నలభై రోజులైంది. ఎవరికీ మెజారిటీ రాలేదు. మూడు పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేస్తామన్నాయి గానీ అదంతా కప్పల తక్కెడ వ్యవహారం, ఒకరిని కూర్చోబెడితే ఇద్దరు గెంతుతున్నారు. ఎట్టకేలకు పెద్ద పార్టీ నాయకుడు, లోకమంతా పెద్దాయన అనే మనిషి, నిన్న ఉదయం తన ఇంట్లో తలుపులు మూసి, మంత్రుల జాబితా ఈ స్టెనోకు చెప్పి రాయించాడు. ఒక్క ప్రతి టైపు చేయించి కవరుకు సీలు వేశారు. తెల్లవారేసరికి ఆ జాబితా పత్రిక మొదటి పేజీలో పడింది. పైగా అందులో రెవెన్యూ శాఖ ఇద్దరికి ఉంది. ఒకరు పెద్దాయన పార్టీలోనే సీనియరు, అందరూ మీసాలాయన అనే నాయకుడు. రెండోవాడు పొత్తులోకి వచ్చిన చిన్న పార్టీ నాయకుడు.

"శాఖ మొత్తం నాదేనని మాటిచ్చి చీల్చి పంచుతారా అని మీసాలాయన మండిపడుతున్నాడు. పదకొండు మంది సభ్యుల్ని తీసుకుని పోతానంటున్నాడు. నాలుగింటికి ప్రమాణ స్వీకారం. సీలు విప్పి అసలు జాబితా చూపించినా నమ్మలేదు. పత్రికలో పడిందే అసలుదట, ఇది పొద్దున మార్చి కొట్టించిందట" అంది స్టెనో.

"మరి మిమ్మల్ని దొంగంటున్నదెవరు?"

"పెద్దాయన మేనల్లుడు. కాగితం ముట్టుకున్నది నువ్వే, అమ్ముకున్నదీ నువ్వే అన్నాడు. పెద్దాయన ఔననలేదు, కాదనలేదు. ముప్పై ఏళ్ళమ్మా! ఒక్క మాట బయటికి పొక్కనివ్వలేదు. చెబుదామన్నా మా ఇంట్లో వినేవాళ్ళెవరున్నారు గనక?"

ఆ చివరి మాట టీచరమ్మకు ఎక్కడో తగిలింది. ఆమె ఇంట్లోనూ వినేవాళ్ళు లేరు. భర్త పోయి ఆరేళ్ళైంది.

లోపలి గదిలోంచి డిటెక్టివ్ వచ్చాడు. ఆయన అసలు పేరు బోర్డు మీద ఉంది గానీ ఎవరూ వాడరు. కొంప అంటుకున్నా చెప్పులు వెతుక్కుని బయల్దేరే మనిషి కనక అందరికీ నిదానంగారు. ఆ నిదానం చూసి నవ్వేవాళ్ళే తర్వాత నోరు వెళ్ళబెట్టడం టీచరమ్మ చాలాసార్లు చూసింది.

"పేపర్లో ఇంకేమైనా తప్పు పడిందా?" అని అడిగాడాయన.

"అడవుల శాఖ. మా పార్టీ సభ్యురాలు డాక్టరమ్మకని పడింది, నిజానికి ఇంకో సభ్యుడు మాస్టారికి. పెద్దాయన ముందు డాక్టరమ్మ పేరే చెప్పి, అంతా అయ్యాక మార్చారు. ప్రచారంలో అరిచి అరిచి ఆయన గొంతు బొంగురుపోయింది, చివరికి మాటే రాలేదు. నా పుస్తకం తీసుకుని పెన్సిలుతో ఆయనే రాశారు."

"చిన్న పార్టీ నాయకుడికి ఇచ్చిన శాఖేది?"

"రేవులు."

నిదానంగారు ఆ మాటను రెండుసార్లు పెదాలతో పలికి చూసుకున్నాడు. తర్వాత చెప్పులు వెతుక్కున్నాడు.

పెద్దాయన ఇంటి ముందు కార్లు బారులు తీరాయి. హాల్లో దండలూ, ఫోన్లూ, ఒకరి మాట ఒకరు వినని గోల. మేనల్లుడు వాళ్ళను విసుగ్గా లోపలికి తీసుకెళ్ళాడు.

"జాబితా చెప్పేటప్పుడు గదిలో ఎవరున్నారు?" నిదానంగారు అడిగాడు.

"మామయ్య, నేను, ఆవిడ."

"అడవుల శాఖ మార్చడం మీరు చూశారా?"

"చూశాను. మార్చమని మామయ్య చెవిలో చెప్పిందే నేను."

"మీ అటెండరు ఎక్కడున్నాడు?"

"గేటు దగ్గర. జనాన్ని ఆపమని నేనే పంపాను. పని ముగిశాక వచ్చాడు. ఇవన్నీ ఎందుకండీ? దొంగ ఎదురుగానే ఉంటే!"

"ఎదురుగా ఉన్నవాళ్ళనే కదా అందరూ దొంగంటారు" అన్నాడు నిదానంగారు.

జాబితా రాయించిన గదికి రెండు తలుపులున్నాయి. ఒకటి హాల్లోకి, దానికి మందపాటి తోలు తొడుగు. రెండోది పక్క గదిలోకి, పల్చటి చెక్క, గడియ అవతలి వైపు. అది అత్తయ్య గది అన్నాడు మేనల్లుడు, అదో లెక్కలోకి రాని సంగతన్నట్టు.

పెద్దాయన భార్య వాళ్ళను చూసి గబుక్కున లేచింది. కూర్చోండి అంటూ మంచం మీద దుప్పటి సర్దింది. కాఫీ తాగుతారా అని మూడుసార్లు అడిగింది. టీచరమ్మ గది చూస్తూ నిలబడింది. కిటికీలోంచి తోట కనిపిస్తోంది. కుర్చీని అక్కడ వేసుకోవాలి ఎవరైనా. ఈ గదిలో ఉన్న ఒక్క కుర్చీ మాత్రం మూసిన తలుపుకు ఆనించి, చెక్కకేసి తిరిగి ఉంది. దాని కాళ్ళ కింద గచ్చు నాలుగు చోట్ల అరిగింది. ఒక్కరోజులో అరిగే గచ్చు కాదది.

బయటికొచ్చాక టీచరమ్మ వరండా స్తంభానికి ఆనుకుంది.

"చూశారా కుర్చీ?" అన్నాడు నిదానంగారు. "గూఢచారి పనంటారా?"

"కాదండీ" అంది టీచరమ్మ. "నేను రోజంతా రేడియో పెట్టుకుంటాను. వార్తల కోసం కాదు, ఇంట్లో ఒక మనిషి గొంతు వినపడుతుందని. ఆవిడకి అదే రేడియో."

చెబితే ఆ ఇల్లాలు పదిమందిలో పలచనవుతుంది. చెప్పకపోతే స్టెనో దొంగగా మిగులుతుంది. టీచరమ్మకు ఏడుపొచ్చింది.

రెండింటికి అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టారు. పెద్దాయన, మెడకు మఫ్లరు. మీసాలాయన, చేతులు కట్టుకుని. మేనల్లుడు, స్టెనో. ఇంటావిడను కూడా పిలవమని నిదానంగారే అడిగాడు. ఆవిడ గుమ్మంలోనే నిలబడింది.

"ముందు మీ అనుమానం తీరాలి" అన్నాడు నిదానంగారు మీసాలాయనతో. "టీచరమ్మా, పుస్తకం చదవండి."

టీచరమ్మ స్టెనో పుస్తకం తెరిచింది. "షార్ట్‌హ్యాండులో మాట శబ్దాన్ని బట్టే గీత పడుతుందండీ. 'ర', 'వ' రెవెన్యూలోనూ రేవుల్లోనూ ఉన్నాయి. ఆ తర్వాత 'ల' అయితే గీత పైకి లేస్తుంది, 'న' అయితే అడ్డంగా పడుకుంటుంది. చూడండి, మీ పేరు దగ్గర పడుకుంది, రెవెన్యూ. చిన్న పార్టీ ఆయన దగ్గర లేచింది, రేవులు. చెరిపిన గుర్తు లేదు. దీని కిందే అడవుల మార్పు, పెద్దాయన స్వహస్తాలతో."

మీసాలాయన వంగి చూశాడు. పెద్దాయన చేతిరాత ఆయనకు కొట్టిన పిండి. కట్టుకున్న చేతులు విడిపోయాయి.

"రేవుల కోసమా నేను పొద్దుట్నుంచీ అన్నం మానేసి కూర్చుంది!" అన్నాడు.

"ఇక రెండోది" అన్నాడు నిదానంగారు. "కాగితం చూసినవాళ్ళెవరూ రేవుల్ని రెవెన్యూ అనుకోరు. బొంగురు గొంతును తలుపు అవతల నుంచి విన్నవాళ్ళు అనుకుంటారు. ఫోన్లో విలేకరి తప్పు విన్నాడంటారేమో. మరి అడవుల శాఖ? ఆ మార్పు ఎవరూ పైకి చెప్పలేదు, పెద్దాయన చేత్తో రాశారు. గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. చెవులతో మాత్రమే విన్నవాళ్ళకు తెలియదు. కాబట్టి స్టెనోగారు కాదు, మేనల్లుడుగారూ కాదు. అటెండరు గేటు దగ్గర ఉన్నాడు. హాలు తలుపుకు తోలు తొడుగుంది, అవతల సంత గోల. ఇక మిగిలింది..."

ఆయన ఆగాడు. ఆ తలుపు వైపు చూడలేదు. చూడనందుకు టీచరమ్మ మనసులోనే దణ్ణం పెట్టుకుంది.

"నేనే" అంది ఇంటావిడ.

"అత్తయ్యా!" అన్నాడు మేనల్లుడు.

"ఉండరా. ఆ విలేకరి అబ్బాయి ఆర్నెల్లుగా రోజూ పదకొండింటికి ఫోను చేస్తాడు. మొదట్లో ఈయన కోసమే. తర్వాత పిన్నీ, భోంచేశావా, మోకాలు ఎలా ఉందని అడిగేవాడు. నిన్న ఏం విశేషాలు పిన్నీ అన్నాడు. నాకూ ఒక విశేషం తెలుసని సంబరపడిపోయి విన్నదంతా చెప్పాను. నేనేం చేశానో పొద్దున పేపరు చూశాక తెలిసింది. ఈవిడని అంటుంటే తలుపవతల విన్నాను. వచ్చి చెప్పలేకపోయాను." ఆవిడ భర్త వైపు తిరిగింది. "ఇవాళ పదకొండింటికి వాడు ఫోను చెయ్యలేదు."

పెద్దాయన లేచాడు. "నన్నడిగితే నేనే చెప్పేవాణ్ణి కదా" అన్నాడు, గాలి తప్ప గొంతు లేని మాటలతో.

"ఎప్పుడడగమంటారండీ? మీరు ఇంట్లో ఉంటే ఈ తలుపు మూసి ఉంటుంది. తెరిచి ఉంటే మీరుండరు."

పెద్దాయన తల వంచుకున్నాడు. తర్వాత స్టెనో ఎదుటికి వెళ్ళి రెండు చేతులూ జోడించాడు. తప్పు తన ఇంట్లో జరిగిందని, స్టెనో నిర్దోషి అని అందరి ముందూ చెప్పాడు. హాల్లో ఉన్న పత్రికలవాళ్ళకు కూడా చెప్పమని మేనల్లుణ్ణి పంపాడు. వెళ్ళేటప్పుడు మేనల్లుడు స్టెనో మొహం చూడలేకపోయాడు. మీసాలాయన తన పదకొండు మందికీ ఫోను చేసుకోవడానికి అతని వెనకే పరుగెత్తాడు.

మూడున్నరకు కార్లన్నీ ఒక్కసారిగా కదిలాయి. ప్రభుత్వం నిలబడింది. ఇల్లు ఖాళీ అయింది. గదిలో స్టెనో, ఇంటావిడ, గుమ్మం దగ్గర నిదానంగారూ టీచరమ్మా మిగిలారు.

"నన్ను నాలుగు చీవాట్లు పెట్టమ్మా" అంది ఇంటావిడ.

స్టెనో సంచీ సర్దుకుంది.

"కోపం లేదని అబద్ధం చెప్పలేనమ్మగారూ. పొద్దుట్నుంచీ చచ్చి బతికాను. కానీ ముప్పై ఏళ్ళుగా ఈ ఇంటికొస్తున్నాను. ఆ తలుపు తోసి ఎలా ఉన్నారని ఒక్కసారీ అడగలేదు. ఇవాళ మాత్రం నావల్ల కాదు. రేపొస్తాను. పని మీద కాదు, మీ దగ్గరికే."

ఇంటావిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"ఎన్నింటికి?" అని అడిగింది.