నాన్న అడగని ప్రశ్న

తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెతో బస్సులు ఆగిపోయినా, దిల్‌సుఖ్‌నగర్‌లో కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ డాక్టర్ సాంబమూర్తి క్లినిక్ ఆ ఉదయం ఎప్పటిలాగే తెరుచుకుంది. పేషెంట్ల పేర్లు రాసే పని ఆయన భార్య సూర్యప్రభది. ముందుగా లోపలికి వచ్చిన కూతుర్ని చూసి ఆవిడకు చెయ్యి ఆడలేదు.

నల్గొండ అబ్బాయి తిరుపతిని పెళ్ళి చేసుకున్నప్పటి నుంచి అలేఖ్యతో తండ్రికి మాటల్లేవు. పంతంలో ఆయన్ని మించినవాళ్ళు ఆ చుట్టుపక్కల లేరు. ఆయన నోటి నుంచి ఒక్క పలకరింపు కోసం ఆ పిల్ల రెండేళ్ళుగా మొహం వాచిపోయింది.

తిరుపతి గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. "జర చూడుండ్రి సార్. ఒంటికి పోతే మంట, పొత్తికడుపుల నొప్పి. పొద్దుగాల్ల సంది ఏడుస్తున్నది."

సాంబమూర్తి కూతురి వైపు చూడలేదు. "జ్వరం ఉందేమో అడుగు," అన్నాడు భార్యతో.

"లేదు నాన్నా."

"నడుం పక్కన నొప్పుందేమో అడుగు."

"ఎదురుగా పిల్లని పెట్టుకుని నన్నడగమంటారేంటండీ?" సూర్యప్రభ కసురుకుంది. అలేఖ్య లేదని తలూపింది.

"నీళ్ళు సరిగ్గా తాగడం లేదేమో!"

"నిన్న ఎల్బీ నగర్‌లో రోడ్డు మీద వంటావార్పు నాన్నా. పగలంతా అక్కడే ఉన్నా. బాత్రూం లేదని నీళ్ళు తాగలేదు."

ఆయన మొహం మాడిపోయింది. "మనవాళ్ళని పొమ్మనేవాళ్ళతో రోడ్డెక్కిందా? అనుభవించమను!" విసురుగా మందు రాసి కాగితం భార్య చేతిలో పెట్టాడు.

అలేఖ్య లేవలేదు. ఆ క్లినిక్‌లో హోంవర్కు చేసుకుంటూ పెరిగిన పిల్ల. కడుపునొప్పితో వచ్చిన ఆడవాళ్ళని నాన్న ఏమేం అడుగుతాడో ఆమెకు కంఠతా వచ్చు.

"ముక్కూమొహం తెలియనివాళ్ళనైనా, 'నెల తప్పావా అమ్మా' అని అడిగాకే మందు రాస్తావు. నన్నెందుకు అడగలేదు నాన్నా? నాతో మాట్లాడాల్సొస్తుందనా? నాకు మూడో నెల."

సాంబమూర్తి గబుక్కున కాగితం లాక్కుని చించేశాడు. అది గర్భిణులకు ఇవ్వకూడని మందు. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఎన్నడూ మరవని ప్రశ్నని పంతం కొద్దీ సొంత బిడ్డ దగ్గరే మింగేశాడు.

"ముందు యూరిన్ పరీక్ష చేద్దాం. బిడ్డకి హాని చెయ్యని మందే రాస్తాను," అంటూ కుర్చీ ఆమె పక్కకి లాక్కుని, తలమీద చెయ్యి వేశాడు. "వాంతులు అవుతున్నాయా తల్లీ? అన్నం సయిస్తోందా? ఏం తినాలనిపిస్తోంది? ఆ ఇంట్లో నిన్ను బాగా చూసుకుంటున్నారా? నాన్న మీద కోపంగా ఉందా?"

జవాబు చెబితే అడగడం ఆపేస్తాడేమోనని, అలేఖ్య ఏడుస్తూ వింటూ కూర్చుంది.