బాకీ పడ్డ ముఖం

బొమ్మలో అమ్మాయి నవ్వుతోందా, ఏడుస్తోందా అన్న సందేహం బాలశౌరికి రెండేళ్లుగా తీరలేదు. నీలం గౌను ఉంది, కిటికీ ఉంది, ఒళ్లో నిమ్మపండ్లు ఉన్నాయి. ముఖం మాత్రం చల్లపల్లిలో మార్త టీచరుగారి దగ్గర బాకీ ఉండిపోయింది.

బాలశౌరి గవర్నర్‌పేటలో ఒక ప్రెస్సులో సినిమా వాల్‌పోస్టర్లు అచ్చువేసేవాడు. అతని పిచ్చి మాత్రం వేరే. ఫారిన్ చిత్రకారుల ఎగ్జిబిషన్ల కోసం ఎప్పుడో రాతి మీద ఒక్కో రంగూ విడిగా గీసి అచ్చేసిన పాత పోస్టర్లంటే ప్రాణం. మద్రాసు నుంచి వచ్చే చిత్తుకాగితాల కట్టల్లో ఎప్పుడైనా ఒకటి తగిలేది. తగిలిన రోజు అతనికి అన్నం సహించేది కాదు.

డెబ్భై నాలుగు జూన్‌లో చిత్తుకాగితాలమ్మే రత్తయ్య కొట్లో ఈ నీలం గౌను అమ్మాయి తగిలింది. పక్కన పెట్టమని చెప్పి డ్యూటీకి వెళ్లాడు. సాయంత్రం వానలో తడుస్తూ వచ్చేసరికి పోస్టరు లేదు. బడిపిల్లల పుస్తకాలకు అట్టల కోసం మందపాటి కాగితం అడిగిన చల్లపల్లి టీచరమ్మకు రత్తయ్య మరిచిపోయి ఇచ్చేశాడు.

ఆ ఆదివారమే చల్లపల్లి బస్సెక్కాడు. పూజ అయ్యాక చర్చి మెట్ల దగ్గర ఆమెను పట్టుకున్నాడు.

"అదెంత గొప్ప బొమ్మో తెలుసాండీ?"

"తెలీదండీ. వానకి తడిసినా చిరగదని తెలుసు," అంది మార్త. "బొమ్మ లోపలికి పెట్టి, తెల్లవైపు పైకి తిప్పి ముక్కలు కోశాను. పిల్లలు పేర్లు రాసుకోవాలిగా."

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బాలశౌరి బ్రౌన్ పేపరు తెచ్చి ఒక్కో పుస్తకానికీ తనే కొత్త అట్ట వేయాలి, పాత అట్ట పట్టుకుపోవాలి. సెలవు దొరికిన ప్రతి ఆదివారం మార్త తండ్రి, చర్చిలో జపాలు చెప్పించే ఉపదేశి మరియదాసుగారి అరుగు మీద ఈ పని సాగేది. మార్త గుమ్మానికి ఆనుకుని, ఈ వారం మీ అమ్మాయికి మోచెయ్యి మొలిచిందనీ, పాదాలు వస్తే నడిచే వచ్చేస్తుందనీ ఏడిపించేది. అంతా వచ్చింది, ముఖం తప్ప. అది ఎవరి పుస్తకానికి వేసిందో గుర్తురావడం లేదనీ, వచ్చే వారం వెతికిస్తాననీ చెప్పేది.

అనుదినాహారం అడగమన్న దేవుణ్ణి కాగితం ముక్క అడగవచ్చునా అని బాలశౌరి పూజలో ఆలోచించేవాడు. అడిగితే నిజంగానే ఇచ్చేస్తాడేమోనన్న భయం ఒకటి. ముక్క దొరికాక చల్లపల్లి బస్సుకు సాకేముంటుంది?

ఒక ఆదివారం చర్చి దగ్గర ఊళ్లో పెద్దావిడ సంపూర్ణమ్మ పదిమందిలో అడిగింది. "ఏం నాయనా, ఇన్నేళ్ల పెళ్లిచూపులు ఎక్కడైనా ఉన్నాయా?"

అందరూ నవ్వారు. మార్త తల వంచుకుని ఇంటికి నడిచింది. ఆమె పేరు నలుగురి నోళ్లలో పడటానికి తనే కారణమని బాలశౌరికి తోచింది.

అరుగు దగ్గర నిలబడే చెప్పాడు. "ఇక రానండీ. ముఖం లేకుండానే ఫ్రేము కట్టించేస్తాను."

మార్త తన చేతిలోని ప్రార్థన పుస్తకానికున్న తెల్ల అట్ట విప్పి, తిరగేసి అతని చేతిలో పెట్టింది. నీలం అంచున, నిమ్మరంగు వెలుగులో, ముఖం.

"ఇన్నాళ్లూ మీ చేతిలోనే ఉందా?"

"ఇచ్చేస్తే మీరింక రారుగా."

బాలశౌరి ఆ ముఖం వంక చాలాసేపు చూశాడు. పెదవులు ఒక్క గీత. ఎటు తిప్పినా అంతుబట్టలేదు. "నవ్వుతోందాండీ, ఏడుస్తోందా?"

"మీరొచ్చిన వారం నవ్వేది," అంది మార్త. రాని వారం సంగతి చెప్పకుండా అరుగు మీది జిగురు డబ్బా కేసి చూసింది.

లోపలి నుంచి మరియదాసుగారు దగ్గారు. "అమ్మాయ్, బాకీ తీరిందిగా. ఈసారి వాళ్ల పెద్దవాళ్లనీ బస్సెక్కించుకు రమ్మను."

బాలశౌరి ముఖాన్ని జాగ్రత్తగా చొక్కా జేబులో పెట్టుకున్నాడు. అట్ట లేని ప్రార్థన పుస్తకాన్ని ఆమె చేతిలోంచి తీసుకుని, అరుగు మీద కూర్చుని, ఒప్పందం ప్రకారం బ్రౌన్ పేపరు మడతపెట్టడం మొదలుపెట్టాడు.