అపొలోనియా బుగ్గ

తుల్లియో కాలు జారి పడ్డాడని పోలీసులు కాగితం మీద రాశారు. ఊహ తెలిసినప్పటి నుంచి నిచ్చెనల మీద బతికినవాడు పన్నెండడుగుల పరంజా మీంచి కాలు జారి పడ్డాడట! ఆ కాగితాన్ని ఏజెంట్ లెయాండ్రో గల్బియాతి నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకున్నాడు. తమ్ముడు తుల్లియోని పాతిపెట్టి అప్పటికి మూడు రోజులు.

"పగ తీర్చుకోమని పంపడం లేదయ్యా నిన్ను," అన్నాడు కర్నల్ ప్రాందీ, మిలాన్ ఆఫీసులో. "గోడబొమ్మల మధ్య పెరిగిన ఏజెంటు నాకు ఇంకొకడు లేడు."

"పని చెప్పండి."

"విదేశీ ముఠా వైర్‌లెస్‌లో మాటొకటి దొరికింది. 'పుణ్యవతి ఆదివారం పదకొండింటికి పాడుతుంది.' అంటే టైంబాంబు. చోటు సంత కొలంబా, మీ తమ్ముడు గోడబొమ్మలు బాగుచేస్తూ పోయిన పాత సన్యాసినుల చర్చి. ఆ వేళకి రక్షణ మంత్రి అక్కడ పూజలో ఉంటాడు."

"రావద్దనండి."

"సొంతూరు, పైగా ఎన్నికలు. బాంబుకైనా ఎదురెళతాడు గాని ఓటరుకి మొహం చాటెయ్యడు. అక్కడ ఇజోత్తా అనే మన మనిషి ఉంది. ముఠాలో ఉంటూ మనకి కబుర్లు చేరవేస్తుంది."

ఆదివారం పది గంటలకు లెయాండ్రో ఫాదర్ వేషంలో సంత కొలంబాలో అడుగుపెట్టాడు. చర్చిని ఒక గోడ రెండుగా చీలుస్తుంది. ముందు సగం ఊరిది. వెనక సగం ఒకప్పుడు సన్యాసినులది. పరాయి కంట పడకూడదు కనుక, వాళ్లు గోడలోని చిన్న ఇనుప కిటికీలోంచే పూజ వినేవారు. వాళ్లు వెళ్లిపోయి నూట డెబ్బై ఏళ్లు దాటింది. గోడకి రెండు వైపులా గీసిన సెయింట్లు మాత్రం మిగిలారు.

వెనక హాల్లో ఆకుపచ్చ కోటు, నల్ల కళ్లద్దాలు, ఘాటైన సెంటు ఎదురయ్యాయి.

"సున్నం ఆరిందా, ఫాదర్?"

"ఇంకా పచ్చిగానే ఉంది." కోడ్ సరిపోయింది.

"అంగీ మీకు భలే నప్పింది. పాపాలన్నీ చెప్పేసుకోవాలనిపిస్తోంది," అంది ఇజోత్తా.

"చెప్పుకోండి. టైముంది."

ఆమె నవ్వి, బాంబు చర్చి వాయిద్యం ఆర్గన్‌లో ఉందని చెప్పింది. కర్నల్ మనుషులు ఆర్గన్ గొట్టాలన్నీ వెతికారు. చచ్చిన పావురం ఒకటి దొరికింది. లెయాండ్రో చెవిలో గడియారం చప్పుడు పట్టే పరికరం ఉంది. పూజ మొదలై ఆర్గన్ మోగేసరికి అదీ పనికిరాకుండా పోయింది. టైము పది నలభై ఎనిమిది. అవతల మూడొందల మంది, ఒకే ఇరుకు తలుపు.

అతను మళ్లీ వెనక హాల్లోకి వచ్చాడు. ఇజోత్తా కారు తాళాలు చేతిలో ఆడిస్తూ బయల్దేరబోతోంది.

"ఒక్క నిమిషం. మా తమ్ముడి చివరి పని చూడనివ్వండి."

పెన్ టార్చి గోడకి ఆనించి, వెలుగు పక్కనుంచి పడేలా పట్టుకున్నాడు. తుల్లియో అతికిన ప్రతిచోటా సన్నని నిలువు గీతలు కనిపించాయి. దూరం నుంచి రంగులా ఉంటాయి, దగ్గరికొస్తే గీతలని తెలుస్తుంది. పాతదేదో, అతికిందేదో చూసేవాడికి తెలియాలి. అది ఆ పనివాళ్ల నీతి. తండ్రి వాళ్లిద్దరికీ ముందు నేర్పింది అదే.

టార్చి ఇనుప కిటికీ పక్కనున్న సెయింట్ అపొలోనియా దగ్గర ఆగింది. తమ్ముడి ఆఖరి ఉత్తరం గుర్తొచ్చింది. 'అన్నా, అపొలోనియా ఎడమ బుగ్గ మొత్తం రాలిపోయింది. వచ్చేవారం గీతలు మొదలుపెడతాను.' ఆ వారం తుల్లియోకి రాలేదు. బుగ్గ మాత్రం నిండుగా ఉంది. ఒక్క గీత లేదు, నున్నగా ఉంది.

"తుల్లియో తర్వాత ఈ గోడ మీద ఎవరైనా చెయ్యి పెట్టారా?"

"ఎవరూ పెట్టలేదు."

"ఆశ్చర్యంగా ఉంది. మావాడి చేతికి ఇంత పనితనం ఎప్పుడూ లేదు."

ఇజోత్తా నవ్వింది. చిన్న నవ్వే, కానీ మెచ్చుకోలు తనకే దక్కినట్టు నవ్వింది. ఆ బుగ్గ గీసింది ఈమేనని లెయాండ్రోకి అర్థమైంది. దొంగ బొమ్మలు గీసి అమ్మే చెయ్యి అది. అతుకు కనపడకుండా దాచడమే ఆ చేతికి తెలిసిన విద్య.

క్షణంలో ఆమె కుడిచేతికి బేడీ వేసి, రెండో కొసను కిటికీ ఇనుప కమ్మీకి బిగించాడు. తాళంచెవి కిటికీలోంచి అవతలికి విసిరేశాడు. అది రాతినేల మీద ఖణేల్‌మంది. "ష్!" అంది ఎవరో ముసలావిడ.

"పిచ్చెక్కిందా నీకు? ఆరు నిమిషాలే ఉంది! నువ్వూ చస్తావు!"

"మా తమ్ముడు ఇక్కడ ఒంటరిగా పోయాడు. నిన్ను ఒంటరిగా పోనివ్వను." అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "గోడలో పెట్టినదానివి నువ్వే. నువ్వే తియ్యి."

"అతన్ని నేను తొయ్యలేదు. వాళ్లు తోశారు!"

"నిచ్చెన ఎవరు పట్టుకున్నారు?"

ఆమె బేడీ గుంజుకుంది. అతను వాచీ చూసుకుంటూ ఉండిపోయాడు. నాలుగు నిమిషాలు. మూడు. ఆమె ఒక్కసారిగా కేకపెట్టి, ఎర్రరంగు గోళ్లతో తను గీసిన బుగ్గని తానే రక్కేసింది. గచ్చు రాలింది, గోళ్లు విరిగాయి, వెనక నల్లపెట్టె బయటపడింది. పసుపు తీగ లాగింది. టిక్కుటిక్కు ఆగింది. అంతలోనే గంటస్తంభం పదకొండు కొట్టింది, అవతల జనం పాట అందుకున్నారు.

లెయాండ్రో పిస్తోలు తీశాడు. కాల్చాలని చెయ్యి తహతహలాడింది. పిస్తోలు ఒళ్లో పెట్టుకుని, జేబులోంచి నాలుగు మడతల కాగితం, పెన్ను తీసి ఆమె ముందుంచాడు.

"'పడ్డాడు' కొట్టెయ్యి. 'తోశారు' అని రాయి. కింద పేర్లు రాయి. నీది మొదట."

రక్తం అంటిన వేళ్లతో ఆమె ఐదు పేర్లు రాసింది. సాయంత్రానికి ఐదుగురూ జైల్లో ఉన్నారు. ఆ రాత్రి లెయాండ్రో తమ్ముణ్ణి తల్చుకుని మొదటిసారి ఏడ్చాడు.

వారం తర్వాత కర్నల్ వచ్చేసరికి, అతను చొక్కా చేతులు మడుచుకుని అపొలోనియా బుగ్గ మీద నిలువు గీతలు గీస్తున్నాడు.

"రిపోర్టులో ఏం రాయమంటావ్? ఎలా దొరికింది ఆవిడ?"

"పని మరీ బాగా చేసి."

కర్నల్ నిట్టూర్చాడు. "మన డిపార్టుమెంటులో ఆ నేరం మీద ఇంతవరకు ఎవరూ పట్టుబడలేదయ్యా."