రంగూను వీసా మీద పసుపు

సింహాచలమ్మ మెట్లెక్కి వచ్చి, కూర్చోకుండానే పాస్‌పోర్టు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాను పాడుసేసినానంటన్నారమ్మా. మా ఆయన వీధిలో నిలబడి సెక్టరంతా ఇనేలాగ తిట్టినాడు. నాను సెయ్యనేదు. ఎవులు సేసినారో నాకు తెలియాల."

భిలాయి-3 రైలు స్టేషన్ ఎదుటి మేడగదిలో భాగ్యరేఖ ప్రైవేటు డిటెక్టివ్ బోర్డు తగిలించి ఏడేళ్లయింది. ఆడదానికి ఈ పనేమిటని బుగ్గలు నొక్కుకున్నవాళ్లే తర్వాత చప్పుడు చెయ్యకుండా ఆ మెట్లెక్కారు. సహాయకుడు సురేశ్‌కు మాత్రం మొదటినుంచీ ఆమె మాట వేదం.

సింహాచలమ్మ ఆసుపత్రిలో నర్సుగా రిటైరైంది. పుట్టింది రంగూన్‌లో. యుద్ధంలో అయిదేళ్ల పిల్లగా తల్లిదండ్రులతో నడిచి వచ్చేసింది. పెళ్లయిన అక్క అప్పయమ్మ అక్కడే ఉండిపోయింది. ఇప్పుడా అక్క మంచం పట్టింది. ఒక్కసారి చూడాలని సింహాచలమ్మ పాస్‌పోర్టు తీయించుకుని, సుపేలాలో వీసా సలహాలిచ్చే ఉమేష్ ద్వారా బర్మా వీసా వేయించుకుంది. కలకత్తాలో విమానం వచ్చే బుధవారం.

"కొత్త పాస్‌పోర్టంటే భోపాల్ నించి నెలలు పడతాదంట. అందాకా మా అప్ప ఉండదు. ఉమేష్ కలకత్తాలో వీసా ఇచ్చే బర్మా ఆఫీసుకి ఫోన్ సేసి అడిగినాడు. నా సేత్తో నానే పాడుసేసుకుంటే మళ్లీ ఎయ్యరంట. ఇంకెవులైనా సేసి, సేసినట్టు రాసిస్తే వేరే పేజీలో వీసా ఎయ్యొచ్చు, మాటైతే ఇవ్వలేం అన్నారంట."

భాగ్యరేఖ వీసా పేజీ తెరిచింది. తడి పసుపు పూసి ఎండిపోయింది. మధ్యలో వెడల్పాటి ఎర్ర మచ్చ, పెద్ద వేలితో అదిమినట్టు.

"కుంకుమ హై దీదీ," అన్నాడు సురేశ్ ఉత్సాహంగా.

"కుంకం నాను ముట్టుకోనేదు బాబూ. దేవుడి దగ్గరెట్టి, పైన ప్లాస్టిక్ కవరుకి పసుపు బొట్టెట్టినాను. అంతే."

కవరు మీద ఆ బొట్టు అలాగే ఉంది. భాగ్యరేఖ ఎర్ర మచ్చను గోటితో గీకింది. కుంకుమ అయితే రాలాలి, ఇది రాలలేదు.

సుపేలాలో ఉమేష్ వాళ్లను చూడగానే మొహం మాడ్చుకున్నాడు.

"పోలీసా మీరు? నా దుకాణం బద్నాం చెయ్యకండి మేడమ్. పాస్‌పోర్టు సాఫ్‌గా ఇచ్చాను."

"ఎవరి చేతికిచ్చారు?"

"అంకుల్‌కి. ఆంటీ రాలేదు. మనవాళ్ల సంగతి తెలుసుగా, కొత్తదేదొచ్చినా బొట్టెట్టేస్తారు. వీసా మీద మరక పడితే ప్రయాణం ఖతం అని చెప్పి నేనే కవర్ తొడిగాను. నాలుగు వారాల వీసా, అక్కడ అడిగితే పొడిగించే వీలుంది అనీ చెప్పాను. ఎక్కువ రోజులుండే పెద్దవాళ్లందరికీ ఇదే చెప్తాను."

"అంకుల్ ఏమన్నారు?"

"విసురుగా లాక్కుని పోయారు."

సెక్టర్ ఆరులో ఇంటి గేటు దగ్గరే సింహాచలమ్మ భర్త పరబ్రహ్మం అడ్డంగా నిలబడ్డాడు. రోలింగ్ మిల్లులో ఫోర్‌మన్‌గా రిటైరైనా గొంతులో ఫోర్‌మన్ రిటైరవలేదు. అరచేతిలో పొగాకూ సున్నమూ వేసి బొటనవేలితో ఖైనీ నలుపుతున్నాడు.

"ఎవులు రమ్మన్నారు మిమ్మల్ని?"

"మీ భార్య."

"సిగ్గునేని మనిషి! ఇంటి గుట్టు బజార్నెట్టింది."

"మరక పడకూడదని ఉమేష్ చెప్పింది ఇంట్లో ఎవరికి చెప్పారు?"

"నానెవులికీ సెప్పనేదు. సెప్తే మాత్రం అది ఇంటాదా?"

లోపల ఆయన అక్క నూకమ్మ చూపుడువేలితో తమలపాకుకు సున్నం రాసుకుంటోంది. తమ్ముడి పెళ్లానికీ ఆమెకూ పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది.

"అవును, అది ఎల్డం నాకిష్టం నేదు. అయితే ఏటి? దాని కాయితాలు నానెందుకు ముట్టుకుంటాను?"

బయటికొచ్చాక సురేశ్ గుసగుసలాడాడు. "ముసలావిడే దీదీ, పక్కా."

"పొద్దున కుంకుమ అన్నావు," అంది భాగ్యరేఖ. "వెళ్లి ఉమేష్‌ను తీసుకురా."

సాయంత్రం అందరూ ముందుగదిలో చేరారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. భాగ్యరేఖ తెల్లకాగితం మీద తడి పసుపు పూసి నూకమ్మ ముందు పెట్టింది.

"ఆకుకు సున్నం రాసి, ఆ వేలితోనే ఒకసారి నొక్కండి."

"నాను దొంగనేటి?" అని సణుగుతూనే నూకమ్మ నొక్కింది. పసుపు మీద చిన్న ఎర్ర చుక్క లేచింది.

"పసుపులో సున్నం కలిస్తే ఎరుపు. దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసే మనందరికీ ఇది తెలుసు. వీసా మీద మచ్చ కుంకుమ కాదు, సున్నం అంటిన వేలిది. కానీ ఆ మచ్చ ఈ చుక్కకు మూడింతలుంది. ఆకుకు బొటనవేలితో సున్నం ఎవరూ రాయరు. బొటనవేలితో నలిపేది ఖైనీ."

పరబ్రహ్మం చెయ్యి లుంగీ మడతలోకి పోయింది.

"మరక పడితే ప్రయాణం ఆగుతుందని ఈ ఇంట్లో తెలిసింది మీకొక్కరికే. ఎవరికీ చెప్పలేదని మీరే అన్నారు. ఆమె కవరుకు బొట్టు పెట్టడం చూసి, తర్వాత కవరు విప్పి లోపల పసుపు పూశారు. బాగా అంటిందో లేదో బొటనవేలితో అదిమి చూశారు. నేరం ఆమె భక్తి మీదికి తోశారు."

"పూసినాను! అయితే ఏటి?" పరబ్రహ్మం అరిచాడు. "పొడిగించొచ్చంట! ఆర్నెల్లు ఆడే కూకుంటే నాకు కూడెవులొండుతారు?"

"నా ఏపు సూడకు," అంది నూకమ్మ. "నీ పనికి నా ఏలు పరీచ్చ సేయించినావు. నీకు గెంజి కూడా కాయను."

సురేశ్‌కు చప్పట్లు కొట్టాలనిపించింది. సింహాచలమ్మ కాగితం, కలం తెచ్చి భర్త ముందు పెట్టింది.

"రాయండి."

ఆయన రాశాడు. సంతకం దగ్గర చెయ్యి ఆగితే ఆమె వేలితో చోటు చూపించింది. కాగితం ఉమేష్‌కిచ్చి, అతని పక్కనే కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నాలుగు వారాలకి వచ్చీద్దామనే అనుకున్నాను బాబూ. ఆ పొడిగించడానికి అక్కడెవుల్ని అడగాలో, ఇప్పుడు సెప్పు."